వేగానికి తాళం ఎవరు వేశారు?

"కంప్యూటరు లోపల చెయ్యి పెట్టకు." ఈ మాట వినని పిల్లలు మన బడిలో ఎవరూ ఉండరు. ఇంట్లో అదే మాట, ల్యాబులో అదే మాట, రిచీ స్ట్రీట్‌లో కొట్టాయన నోట కూడా అదే మాట. సైకిలు చైను ఊడితే మనమే వేసుకుంటాం. కుట్టుమిషను బెల్టు తెగితే అమ్మే మార్చుకుంటుంది. ఫ్యాను తిరగకపోతే నాన్న స్టూలెక్కి కండెన్సరు మారుస్తారు. కంప్యూటరు దగ్గరకొచ్చేసరికి మాత్రం అందరూ గర్భగుడి ముందు నిలబడ్డట్టు గడప బయటే ఆగిపోతారు. ఆ గడప ఎందుకు దాటకూడదో అడిగితే ఒక్కరూ సరైన కారణం చెప్పరు.

నేను ఆ గడప దాటాలనే అంటాను. దానికి ఓవర్‌క్లాకింగ్‌ను ఉదాహరణగా తీసుకుంటున్నాను. పెద్దవాళ్ళకు ఆ పేరు వినగానే రెండే బొమ్మలు కనిపిస్తాయి. ఒకటి పొగ, రెండోది గేము. ఈ రెండూ కాని సంగతి ఒకటి ఉంది. ఓవర్‌క్లాకింగ్ అంటే కొలిచి, లెక్కవేసి, మళ్ళీ కొలిచి చేసే ప్రయోగం. సైన్సు ల్యాబులో మనం చేసేది కూడా అదే కదా. అలాంటి ప్రయోగాన్ని అల్లరి కింద జమకట్టి నోటీసు అంటించడం తప్పు. దాన్ని నేర్పించడమే ఒప్పు. ఇదే నా వాదన.

ముందు అసలు విషయం ఏంటో చూద్దాం. ప్రాసెసర్ తన పనులన్నీ ఒక తాళానికి తగ్గట్టు చేస్తుంది. పడవ లాగేవాళ్ళు "హైలెస్సా" అన్నప్పుడల్లా ఒక తెడ్డు వేసినట్టు, గడియారం ఒకసారి టిక్కుమంటే ప్రాసెసర్ ఒక అడుగు వేస్తుంది. డబ్బా మీద 3.6 గిగాహెర్ట్జ్ అని ఉంటే సెకనుకు 360 కోట్ల టిక్కులని అర్థం. ఈ అంకె ఒక చిన్న గుణకారం నుంచి వస్తుంది. మదర్‌బోర్డు ఇచ్చే మూల వేగం 100 మెగాహెర్ట్జ్ అనుకోండి. ప్రాసెసర్‌లో ఉండే గుణకం 36. రెండూ గుణిస్తే 3600 మెగాహెర్ట్జ్. ఓవర్‌క్లాకింగ్ అంటే ఈ రెండు అంకెల్లో ఒకదాన్ని పెంచడం. అంతే. ఎక్కాలు వచ్చినవాళ్ళకు ఇది అర్థం కాకుండా ఉండదు.

"కంపెనీ వాళ్ళు ఆలోచించకుండానే ఆ అంకె పెట్టారా?" అని మీరు అడగొచ్చు. మంచి ప్రశ్న. జవాబు ప్రాసెసర్లు తయారయ్యే పద్ధతిలోనే ఉంది. గుండ్రని సిలికాన్ పలక మీద ఒకేసారి ఎన్నో చిప్పులు తయారుచేసి, కోసి, ఒక్కోదాన్నీ పరీక్షిస్తారు. ఒకే చెట్టు మామిడికాయలను సైజును బట్టి బుట్టల్లోకి ఏరినట్టు, ఎక్కువ వేగం తట్టుకున్నవి ఖరీదైన పేరుతో, తక్కువ తట్టుకున్నవి చవక పేరుతో అమ్మకానికి వస్తాయి. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. బజారులో చవకవాటికే గిరాకీ ఎక్కువైతే, మంచికాయలు కూడా చవక బుట్టలోకే వెళ్తాయి. పైగా కంపెనీ రాసే అంకె అన్ని రకాల ఇళ్ళకూ సరిపోవాలి. ఏసీ లేని గది, దుమ్ము పట్టిన ఫ్యాను, నాసిరకం కరెంటు, వీటన్నిటి మధ్యా కొన్నేళ్ళు నడవాలి కాబట్టి కొంత జాగా వదిలి రాస్తారు. ఓవర్‌క్లాకింగ్ చేసేవాడు వెతికేది ఆ జాగానే. అది ఎంత ఉందో మన దగ్గరున్న చిప్పును కొలిస్తేనే తెలుస్తుంది. డబ్బా మీద రాసి ఉండదు.

ఇందుకు చరిత్రలో పేరుమోసిన సాక్ష్యం ఉంది. 1998లో ఇంటెల్ కంపెనీ సెలెరాన్ 300ఎ అనే చవక ప్రాసెసర్ తెచ్చింది. దాని మూల వేగం 66 మెగాహెర్ట్జ్, గుణకం 4.5, మొత్తం 300. మూల వేగాన్ని 100కు మారిస్తే 450 అవుతుంది. అంటే ఒకటిన్నర రెట్లు. చాలామంది దగ్గర అది నిజంగానే 450 దగ్గర నిలకడగా నడిచింది. అదే ఏడాది అదే కంపెనీ 450 మెగాహెర్ట్జ్ పెంటియం 2ను దీనికి ఎన్నో రెట్ల ధరకు అమ్ముతోంది. చవకది కొన్నవాళ్ళు ఖరీదైనదాని పక్కన కూర్చోగలిగారు. ఎవరి జేబూ కొట్టలేదు, ఎవరి సొత్తూ ముట్టుకోలేదు. తాము డబ్బిచ్చి కొన్నదాన్ని తాము పూర్తిగా వాడుకున్నారు.

తర్వాత వచ్చిన కథ మన కెమిస్ట్రీ పాఠానికి దగ్గరది. 2000 ప్రాంతంలో ఎఎండి కంపెనీ అథ్లాన్, డ్యూరాన్ ప్రాసెసర్ల గుణకానికి తాళం వేసింది. ఆ తాళం ఎక్కడుందో తెలుసా? చిప్పు పైన పట్టీలో తెంచి ఉంచిన సన్నని చుక్కల దారుల్లో. వాటిని కలిపితే తాళం తెరుచుకుంటుంది. జనం దేనితో కలిపారంటే పెన్సిలుతో! పెన్సిలు ముల్లులో ఉండేది గ్రాఫైటు, గ్రాఫైటు కరెంటును పోనిస్తుంది. ఈ వాక్యం మనం పరీక్షలో ఒక మార్కు కోసం బట్టీ పెడతాం. అదే వాక్యాన్ని కొందరు నిజంగా వాడి తాళం తీశారు. ఒక మార్కు చదువుకూ నిజమైన చదువుకూ తేడా ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

ఇప్పుడు అసలు గొడవలోకి వద్దాం. ఈ తాళాలు ఎందుకు వేశారు? కంపెనీల తరఫున ఒక న్యాయమైన కారణం ఉంది, దాన్ని దాచను. ఆ రోజుల్లో కొందరు వ్యాపారులు చవక ప్రాసెసర్ మీది అంకె చెరిపేసి, పెద్ద అంకె ముద్రించి, వేగం పెంచి, ఖరీదైనదని అమ్మేవారు. కొన్నవాడు మోసపోయేవాడు. దాన్ని ఆపడానికి గుణకానికి తాళం వేశారు. దొంగకు వేసిన తాళం తప్పని ఎవరూ అనరు. కానీ తర్వాత ఏం జరిగిందో చూడండి.

2010లో ఇంటెల్ పెంటియం జి6951 అనే ప్రాసెసర్‌తో ఒక ప్రయోగం చేసింది. ఆ చిప్పులో కొన్ని శక్తులు ముందే ఉన్నాయి, కానీ నిద్రపుచ్చి అమ్మారు. 50 డాలర్లు పెట్టి ఒక కార్డు కొని, దాని మీది నంబరు కొడితే అవి మేలుకుంటాయి. కొత్త చిప్పు రాదు, మీ చేతిలో ఉన్నదే తెరుచుకుంటుంది. ఇల్లు అమ్మి, ఒక గదికి తాళం వేసి, తాళంచెవికి మళ్ళీ డబ్బు అడిగినట్టు లేదా ఇది? జనం చీవాట్లు పెట్టాక 2011లో ఆ పథకం ఆగిపోయింది. ఆగింది పథకం మాత్రమే, ఆలోచన కాదు.

2011 నుంచి ఇంటెల్ ప్రాసెసర్లలో ఎక్కువగా పేరు చివర 'కె' అక్షరం ఉన్నవాటికే గుణకం పెంచుకునే వీలు పూర్తిగా ఉంది. కె ఉంటే ధర ఎక్కువ. అది కొన్నా సరిపోదు, మదర్‌బోర్డు కూడా 'జెడ్' రకం ఉండాలి, దానికీ ధర ఎక్కువే. వేగం పెంచడం ప్రమాదమైతే, ఎక్కువ డబ్బిచ్చినవాడికి ఆ ప్రమాదం ఎందుకు అమ్ముతున్నారు? 2012లో ఇంకో వింత. ఓవర్‌క్లాక్ చేసి ప్రాసెసర్ పాడుచేసుకున్నా ఒకసారి మార్చి ఇస్తాం, దానికి విడిగా డబ్బు కట్టండని ఇంటెల్ ఒక రక్షణ పథకం పెట్టింది. 2021 దాకా అది నడిచింది. కట్టినవాడికి భయం లేదు, కట్టనివాడికి వారంటీ లేదు.

2015 చివర్లో కొన్ని మదర్‌బోర్డు కంపెనీలు కె లేని చవక ప్రాసెసర్లను కూడా మూల వేగం పెంచి నడిపే దారి కనిపెట్టాయి. బీద పిల్లలకు పండగే. కానీ 2016 మొదటి నెలల్లోనే కొత్త బయాస్‌లు వచ్చి ఆ దారి మూసేశాయి. ఆ చిప్పులు ఆ వేగాన్ని తట్టుకోలేక మూయలేదు. చక్కగా తట్టుకుంటున్నాయి కాబట్టే మూశారు. చవకది బాగా నడిస్తే ఖరీదైనది ఎవరు కొంటారు?

అన్ని తాళాలూ ఒకటే అని నేను అనను. 2022లో ఎఎండి రైజెన్ 7 5800ఎక్స్3డి అనే ప్రాసెసర్ తెచ్చి గుణకానికి తాళం వేసింది. అంతకుముందు 2017లో రైజెన్ మొదలుపెట్టినప్పుడు తాళాలన్నీ తీసి ఉంచిన కంపెనీయే అది. ఈసారి ఎందుకు వేశారంటే, చిప్పు పైన అదనపు మెమరీని ఇంకో అంతస్తులా పేర్చారు. ఆ అంతస్తు ఎక్కువ వోల్టేజీని తట్టుకోదు. కారణం చెప్పి వేశారు. 2024లో 9800ఎక్స్3డికి వచ్చేసరికి ఆ మెమరీని పైనుంచి కిందికి మార్చారు, చిప్పు వేడి సులువుగా బయటికి పోయింది, తాళం కూడా తీసేశారు. కారణం ఉన్నప్పుడు తాళం వేసి, కారణం పోయాక తీస్తే నాకు తగవు లేదు. కారణం లేకుండా వేసినవాటి మీదే నా తగవు.

ఇప్పుడు మన పెద్దల అభ్యంతరాలకు ఒక్కొక్కటిగా వస్తాను.

మొదటిది, "కాలిపోతుంది". ఇది భయం, భయానికి లెక్కతో జవాబు చెప్పాలి. ప్రాసెసర్ తినే కరెంటు రెండింటి మీద ఆధారపడుతుంది. వేగం ఎన్ని రెట్లు పెరిగితే అన్ని రెట్లు పెరుగుతుంది. వోల్టేజీ పెరిగితే మాత్రం దాని వర్గం చొప్పున పెరుగుతుంది. ఉదాహరణకు వేగం 3.6 నుంచి 4 గిగాహెర్ట్జ్‌కు, వోల్టేజీ 1.2 నుంచి 1.35కు పెంచామనుకోండి. వేగం 11 శాతం పెరిగింది. వోల్టేజీ వర్గం దాదాపు 27 శాతం పెరిగింది. రెండూ కలిపి వేడి 40 శాతం పెరిగింది. 11 శాతం లాభానికి 40 శాతం వేడి! ఈ లెక్క తెలిసినవాడు వోల్టేజీ జోలికి ఊరికే పోడు. తెలియనివాడే పోతాడు. అందుకే తెలియజేయమంటున్నాను. పదో తరగతి విద్యుత్తు పాఠంలో జౌల్ నియమం చదివి, దాన్ని ఎక్కడా వాడకుండా బయటికి వచ్చే మనకు ఇంతకన్నా మంచి లెక్క ఏముంది?

వోల్టేజీ ముట్టుకోకుండా కూడా కొంత జాగా దొరుకుతుంది. మా ఇంట్లో ఉన్నది రిచీ స్ట్రీట్‌లో పాతది కొన్న డెస్క్‌టాప్. దాంట్లో పెంటియం డ్యూయల్ కోర్ ఇ5300 ఉంది. మూల వేగం 200, గుణకం 13, మొత్తం 2600 మెగాహెర్ట్జ్. ముందు మూత తీసి దుమ్ము దులిపి, ఎండిపోయిన థర్మల్ పేస్టు తుడిచి కొత్తది రాశాను. తర్వాత మూల వేగాన్ని ఐదేసి చొప్పున పెంచుతూ వచ్చాను. పెంచిన ప్రతిసారీ గంటసేపు ప్రైమ్95 నడిపి వేడి నోటుబుక్కులో రాసుకున్నాను. మూల వేగం పెరిగితే మెమరీ వేగం కూడా దాంతో పాటు పెరుగుతుంది కాబట్టి దాన్ని బయాస్‌లో ఒక మెట్టు దించాను. 230 దగ్గర ఆపేశాను. 230ని 13తో గుణిస్తే 2990. పైథాన్‌లో ప్రధాన సంఖ్యలు లెక్కపెట్టే ప్రోగ్రాం ముందు 41 సెకన్లు తీసుకునేది, ఇప్పుడు 36 తీసుకుంటోంది. వేడి 58 డిగ్రీల నుంచి 65కు వచ్చింది. వోల్టేజీ ఒక్క గీత కూడా పెంచలేదు. ఏడు నెలలైంది, ఒక్కసారీ ఆగలేదు. పొగ ఎక్కడ?

ఇంకో మాట. ఇప్పటి ప్రాసెసర్లు వేడి మితిమీరితే తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి, ఇంకా మీరితే ఆరిపోతాయి. పెట్టిన అంకె నచ్చకపోతే కంప్యూటరు తెర రాకుండా మొరాయిస్తుంది. అప్పుడు చేయాల్సింది ఒకటే. ప్లగ్గు పీకి, మదర్‌బోర్డు మీది బిళ్ళ బ్యాటరీని కాసేపు తీసి మళ్ళీ పెడితే బయాస్ ఫ్యాక్టరీ అంకెలకు వస్తుంది. ఈ చిన్న సంగతి తెలియకపోవడం ఎంత ఖరీదో చెప్తాను. పోయిన ఏడాది మా ల్యాబులో ఎవరో అల్లరికి ఒక కంప్యూటరు బయాస్‌కు పాస్‌వర్డు పెట్టారు. అది తప్పే. కానీ రెండు రోజులు దాని ముందు ఎవరూ కూర్చోలేదు, బయటి మెకానిక్కు వచ్చి బిళ్ళ తీసి పెట్టి 500 రూపాయలు పట్టుకెళ్ళాడు. మర్నాడు "బయాస్ తెరవరాదు" అని నోటీసు వచ్చింది. బిళ్ళ సంగతి మాకు ముందే నేర్పి ఉంటే ఆ 500 మిగిలేవి, నోటీసు అవసరమూ ఉండేది కాదు. తెలివి తక్కువైన చోట నోటీసులు ఎక్కువవుతాయి.

రెండో అభ్యంతరం, "అంతా గేముల కోసమే". గేముల కోసం చేసేవాళ్ళు ఉన్నారు, కాదనను. క్రికెట్ ఆడటానికి కొన్న బంతితో ఎవరూ భౌతికశాస్త్రం నేర్చుకోరని అనగలమా? ఇంకో సంగతి కూడా ఉంది. ప్రాసెసర్ వేగం పెంచినంత మాత్రాన గేములు ఎగిరి గంతేయవు, చాలావాటికి గ్రాఫిక్స్ కార్డే ముఖ్యం. ఆ నిజం కూడా కొలిచి చూసినవాడికే తెలుస్తుంది. ఎక్కడ ఇరుకు ఉందో కనిపెట్టకుండా ఇంకెక్కడో వెడల్పు చేస్తే లాభం లేదని ఈ పని నేర్పుతుంది. చెన్నైలో ట్రాఫిక్ చూసేవాళ్ళకు ఇది వేరే చెప్పాలా!

మూడోది, "కరెంటు బిల్లు ఎవరు కడతారు?" ఇది అమ్మల ప్రశ్న, న్యాయమైన ప్రశ్న. లెక్క వేద్దాం. నాలాంటి చిన్న మార్పుకు 20 వాట్లు అదనం అని ఎక్కువగానే అనుకుందాం. రోజుకు 3 గంటలు, మన రాష్ట్రంలో బిల్లు వచ్చేది రెండు నెలలకోసారి, అంటే 60 రోజులు. 20ని 3తో, 60తో గుణిస్తే 3600 వాట్ అవర్లు, అంటే 3.6 యూనిట్లు. ఎవరూ లేని గదిలో 75 వాట్ల ఫ్యాను రోజుకు గంట తిరిగితే అదే రెండు నెలల్లో 4.5 యూనిట్లు అవుతుంది. ముందు ఫ్యాను ఆపి, తర్వాత నన్ను అడగండి అమ్మా.

నాలుగోది, "ఈ తంటా ఎందుకు, కొత్తది కొంటే పోలా?" కొనగలిగినవాళ్ళు కొనుక్కోండి. మన బడిలో చదివే పిల్లల ఇళ్ళల్లో చాలామందికి కంప్యూటరు అంటే ఒకరు వాడి వదిలేసినదే. అన్న వాడినది, ఆఫీసులో తీసేసినది, రిచీ స్ట్రీట్‌లో సెకండ్ హ్యాండ్‌ది. దాన్ని ఇంకో రెండేళ్ళు నడిపించగలిగితే ఆ డబ్బు ఫీజుకు పనికొస్తుంది, ఇంత ఎలక్ట్రానిక్ చెత్త కూడా తగ్గుతుంది. కొత్తవాటిలో ఓవర్‌క్లాకింగ్ వల్ల వచ్చే లాభం తక్కువేనని ఒప్పుకుంటాను, ఎందుకంటే టర్బో అనే పేరుతో కంపెనీలే ముందుగా చిప్పును అంచుదాకా పరిగెత్తిస్తున్నాయి. అది కూడా ప్రతిసారీ క్షేమం కాదు. 2024లో ఇంటెల్ 13వ, 14వ తరం ప్రాసెసర్లు కొన్ని ఊరికే ఆగిపోతుంటే, అవసరానికి మించిన వోల్టేజీ చిప్పులకు వెళ్తోందని కంపెనీయే ప్రకటించి, సరిచేసే మైక్రోకోడ్ ఇచ్చి, వారంటీని మరో రెండేళ్ళు పెంచింది. వాళ్ళలో చాలామంది ఏ అంకే ముట్టుకోనివాళ్ళు. "ముట్టుకోకపోతే చెడిపోదు" అనే మన సూత్రం అక్కడే తేలిపోయింది. ఆ సమయంలో నష్టం తక్కువ పడింది ఎవరికి? వోల్టేజీ అంటే ఏంటో తెలిసి, బయాస్ తెరిచి తగ్గించుకోగలిగినవాళ్ళకు.

ఇక చేయకూడనివి కూడా చెప్తాను. వాదన గెలవాలని ప్రమాదాన్ని దాచడం నాకు ఇష్టం లేదు. ల్యాప్‌టాప్‌తో ఈ పని వద్దు, అందులో వేడి పోయే దారి ఇరుకు. మన రాష్ట్రంలో ప్రభుత్వం ఇచ్చిన ఉచిత ల్యాప్‌టాప్‌లు వాడే అన్నలు, అక్కలు ఇది గుర్తుంచుకోవాలి. నాసిరకం పవర్ సప్లై ఉన్న కంప్యూటరుతో వద్దు. వారంటీ ఉన్న కొత్త కంప్యూటరుతో వద్దు, పాడైతే కంపెనీ చేతులు దులుపుకుంటుంది. పరీక్షల మార్కులు, ఫీజుల లెక్కలు ఉన్న ఆఫీసు కంప్యూటరుతో అసలే వద్దు. వేగం మితిమీరితే ప్రాసెసర్ ఆగిపోవడమే కాదు, ఆగకుండా తప్పు లెక్క చేసే ప్రమాదం కూడా ఉంది. అది ఇంకా చెడ్డది, ఎందుకంటే మనకు తెలియదు. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ముందు ఫైళ్ళు వేరేచోట దాచి, తర్వాతే అంకె మార్చాలి.

చెన్నై ఎండ గురించి వేరే చెప్పాలి. చల్లని దేశాల్లో ఉన్నవాళ్ళు వీడియోల్లో చూపించే అంకెలు మనకు పనికిరావు. వాళ్ళ గది 20 డిగ్రీలు, అగ్ని నక్షత్రం రోజుల్లో మన గది 36. హీట్‌సింక్ ఎంత మంచిదైనా గది గాలి కంటే చల్లబరచలేదు. గది 16 డిగ్రీలు ఎక్కువైతే ప్రాసెసర్ కూడా దాదాపు అంతే ఎక్కువ వేడెక్కుతుంది. కాబట్టి డిసెంబరులో నిలకడగా ఉన్న అంకెను మే నెలలో మళ్ళీ పరీక్షించాలి, అవసరమైతే తగ్గించాలి. ద్రవ హీలియం పోసి 9 గిగాహెర్ట్జ్ దాటించిన రికార్డులు ఉన్నాయి. చూడటానికి బాగుంటాయి. మనకు కావాల్సింది రికార్డు కాదు, రోజూ నడిచే కంప్యూటరు.

ఈ పనిని బళ్ళో నేర్పడం సాధ్యమేనా అని అనుమానం ఉంటే ఒక ఉదాహరణ చాలు. పిల్లలకు కంప్యూటర్లు నేర్పడానికే పుట్టిన రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న బోర్డు ఉంది. 2012లో దాన్ని తయారుచేసేవాళ్ళు 700 మెగాహెర్ట్జ్ నుంచి 1 గిగాహెర్ట్జ్ దాకా వేగం పెంచుకునే టర్బో సెట్టింగులు తామే ఇచ్చి, వాటిని వాడితే వారంటీ పోదని చెప్పారు. మితిమీరిన వోల్టేజీ పెట్టినవాళ్ళకు మాత్రమే పోతుంది, పెట్టినట్టు చిప్పులో గుర్తు కూడా ఉండిపోతుంది. చూడండి ఎంత తేడానో! ఒకరు "ముట్టుకోకు" అన్నారు. వీళ్ళు "ఇంతవరకు ముట్టుకో, ఇది దాటితే బాధ్యత నీది" అన్నారు. పిల్లలతో మాట్లాడాల్సిన పద్ధతి రెండోదే.

మన బడికి ఇది ఇంకా ఎక్కువ అవసరం. ఈ వ్యాసంలోని సంగతులు నేను ఇంగ్లీషు, తమిళ వీడియోలు చూసి నేర్చుకున్నాను. తెలుగులో దొరికింది చాలా తక్కువ. "తెలుగు మీడియంలో చదివితే కంప్యూటరు రాదు" అని చుట్టాలు అమ్మానాన్నలకు చెప్తుంటారు, మీ ఇళ్ళల్లోనూ చెప్పే ఉంటారు. మూల వేగం, గుణకం, వర్గం, వేడి, నిలకడ. ఇవన్నీ తెలుగు మాటలే కదా. వీటితోనే ఇంత దూరం వచ్చాం. ప్రాసెసర్‌కు ఏ భాషా రాదు, దానికి అంకెలే వచ్చు. అంకెలు మన లెక్కల టీచరు దగ్గర తెలుగులోనే నేర్చుకున్నాం. మనకు రానిది భాష వల్ల కాదు, చెయ్యి పెట్టనివ్వకపోవడం వల్ల.

కాబట్టి బడి పెద్దలకు, టీచర్లకు, తల్లిదండ్రులకు నా విన్నపం ఇది. మన ల్యాబు మూలలో ఎనిమిది పాత కంప్యూటర్లు గుడ్డ కప్పి ఉన్నాయి. ఈ వేసవి సెలవుల్లో వాటిని పాత ఇనుప కొట్టుకు తూకానికి వేస్తారని విన్నాను. అందులో రెండు మాకు ఇవ్వండి. కంప్యూటరు టీచరు ముందు, ఫిజిక్సు టీచరు ముందు, శనివారం ఒక గంట. ఒక నోటుబుక్కు, తేదీ, గది వేడి, మూల వేగం, గుణకం, ప్రాసెసర్ వేడి, పరీక్ష ఫలితం, అన్నీ రాస్తాం. సైన్సు రికార్డులాగే సంతకం పెట్టించుకుంటాం. చెడిపోతే తూకానికి వెళ్ళాల్సినవే తూకానికి వెళ్తాయి, బడికి పైసా నష్టం లేదు. బాగుపడితే చిన్న తరగతుల పిల్లలకు రెండు కంప్యూటర్లు మిగులుతాయి.

నోటీసు చించేయమని నేను అడగడం లేదు. దాన్ని మార్చి రాయమంటున్నాను. "బయాస్ తెరవరాదు" అనే చోట "నేర్చుకుని, టీచరుకు చెప్పి, బయాస్ తెరవవచ్చు" అని రాయండి. కంపెనీలు వేసిన తాళాలు తీయడం మన చేతిలో లేదు. మన ల్యాబు తాళంచెవి మాత్రం మన బడిలోనే ఉంది.

— పదో తరగతి విద్యార్థి, చెన్నై